శ్రీకాకుళం ఉక్కలో పేల్ ఏల్: హాప్స్ వాసనను తినేసేది ఏమిటి?

క్లుప్తంగా: బీరుకు చేదు, వాసన ఇచ్చే పూత హాప్స్. అది దండిగా వేసిన పేల్ ఏల్ అనే బీరును ఇంట్లో చేసుకోవడం అమెరికా, బ్రిటన్‌లలో మామూలు వ్యాపకం. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. చట్టం సంగతి అలా ఉంచి చూసినా, ఉత్తరాంధ్ర తీరంలో ఈ బీరుకు అసలు ఇబ్బంది సరుకు దొరకడం కాదు. వేడి, ఆక్సిజన్. పులిసేటప్పటి వేడి రుచిని చెడగొడితే, ఆ తర్వాతి వేడి వాసనను ఎగరగొడుతుంది.

బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేస్తూ అక్కడి మైక్రోబ్రూవరీల్లో నిమ్మ, నారింజ వాసన కొట్టే బీరు రుచి చూసినవాళ్ళకు, పండక్కి ఊరొచ్చాక రెండు ప్రశ్నలు మిగులుతాయి. ఇలాంటిది విజయనగరంలో ఎందుకు దొరకదు? వీడియోల్లో విదేశీయులు వంటింట్లోనే చేసేస్తున్నారు కదా, ఇక్కడ చేస్తే ఏమవుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు వ్యాపారంలో ఉంది, దాని జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు. రెండో దానికి జవాబు సగం చట్టంలో, సగం థర్మామీటర్‌లో ఉంది.

అమ్మకపోయినా తప్పే

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. "అమ్మడం లేదు, ఇంట్లో తాగడానికే కదా" అనే వాదన ఇక్కడ చెల్లదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మత్తు పానీయాల తయారీ, స్వాధీనం, రవాణా, కొనుగోలు, అమ్మకం అన్నీ రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేని తయారీయే నేరం. అమ్మారా లేదా అన్నది ఆ తర్వాతి మాట. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే చట్టం మారుతుంది, చూసే శాఖ మారుతుంది. అందుకే "ఇండియాలో హోమ్‌బ్రూయింగ్ చేయొచ్చా" అని అడిగితే దేశం మొత్తానికి ఒకే జవాబు రాదు.

వీడియోలు చేసేవాళ్ళ దేశాల్లో కథ వేరు. బ్రిటన్‌లో ఇంటి బీరుకు లైసెన్సు అక్కర్లేదని 1963లో తేల్చారు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల దాకా అక్కడ పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. వీడియోలో కనిపించే నిశ్చింత వెనుక ఈ చట్టాలున్నాయి.

నాటుసారాతో దీన్ని కలిపి భయపడేవాళ్ళూ ఉన్నారు. బెల్లం ఊట పులవడం, బీరు పులవడం రసాయనికంగా ఒకటే పని: ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదలడం. తేడా బట్టీ దగ్గర వస్తుంది. బీరును కాచి ఆవిరి పట్టరు. ధాన్యంతో పులిసిన బీరులో మెథనాల్ ప్రమాదకర స్థాయికి చేరదు. కల్తీసారా మరణాల వెనుక సాధారణంగా ఉండేది పారిశ్రామిక మెథనాల్. కాబట్టి ఇంటి బీరు విషమనుకోవడం సరికాదు. అలాగని చట్టం చూపు మారదు.

మాల్ట్ కొత్తదేమీ కాదు

చోళ్ళు నానబోసి, మూట కట్టి, మొలకొచ్చాక ఎండబెట్టి పిండి పట్టించిన ఇంట్లో మాల్ట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని చక్కెరగా మార్చుకునే ఎంజైములను తయారు చేసుకుంటుంది. బీరుకు చోళ్ళ బదులు బార్లీ వాడతారు. మొలకెత్తిన గింజను తక్కువ వేడి మీద ఆరబెడితే లేత రంగు మాల్ట్ వస్తుంది. పేల్ ఏల్‌లో "పేల్" అదే.

20 లీటర్ల బీరుకు, అంటే ఒక మంచినీళ్ళ టిన్ను అంతకు, నాలుగు నుంచి నాలుగున్నర కిలోల మాల్ట్ పడుతుంది. దాన్ని నలగ్గొట్టి 65-67 డిగ్రీల నీటిలో గంటసేపు ఉంచితే పిండి చక్కెరవుతుంది. వేడి కాస్త తక్కువైతే బీరు పలచగా, పొడిగా వస్తుంది. ఎక్కువైతే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి నోట్లో బరువుగా ఉంటుంది. వడకట్టగా వచ్చే తియ్యటి ద్రవమే వర్ట్. దాన్ని గంటసేపు మరిగిస్తారు.

నీళ్ళ విషయానికొస్తే, తీరం వెంబడి బోరునీటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి నేరుగా పనికిరాదు. ఆర్‌ఓ నీళ్ళు నయం. ఖనిజాలు దాదాపు ఉండవు కనుక కావలసినవి కొలిచి కలుపుకోవచ్చు. కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, చేదును పదునుగా చూపిస్తుంది. కాల్షియం క్లోరైడ్ రుచిని మెత్తబరుస్తుంది. ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి నీటిలో జిప్సం సహజంగానే విపరీతం. ఆ ఊరు పేల్ ఏల్‌కు పేరు తెచ్చుకోవడానికి సగం కారణం ఆ బావులే.

హాప్స్ చేసే రెండు పనులు

హాప్స్ ఒక తీగ మొక్క పూత. అందులో పసుపుపచ్చ పుప్పొడిలా కనిపించే లుపులిన్ గ్రంథుల్లో రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి ఆల్ఫా ఆమ్లాలు. ఇవి నీటిలో సరిగా కరగవు. మరిగే వర్ట్‌లో చాలాసేపు ఉంటే రూపం మారి, కరిగి, చేదునిస్తాయి. రెండోది సుగంధ తైలాలు: మిర్సీన్, లినలూల్, జెరానియోల్ లాంటివి. మరిగిస్తే ఇవి ఆవిరితో పాటు లేచిపోతాయి. చేదు కావాలంటే మరిగించాలి, వాసన కావాలంటే మరిగించకూడదు. పేల్ ఏల్ చేసే పద్ధతంతా ఈ తగువు తీర్చడమే.

ధనియాల పొడిని పులుసు మరగడం మొదలవగానే వేసేవాళ్ళు, దించే ముందు కొత్తిమీర చల్లేవాళ్ళు ఈ లెక్క ఇట్టే పట్టేస్తారు. గంట మరుగులో మొదట కొద్దిగా హాప్స్ చేదు కోసం వేస్తారు. చివరి పది నిమిషాల్లో, ఇంకా ఎక్కువగా పొయ్యి ఆపాక, వాసన కోసం వేస్తారు. బీరు పులవడం ముగిశాక చల్లగా ఉన్నప్పుడే లీటరుకు నాలుగు నుంచి ఎనిమిది గ్రాముల చొప్పున మళ్ళీ వేసి రెండు మూడు రోజులు ఉంచుతారు. దీన్నే డ్రై హాపింగ్ అంటారు.

ఈ శైలికి ఇప్పటి రూపం ఇచ్చింది అమెరికా. 1972లో విడుదలైన క్యాస్కేడ్ అనే హాప్స్ రకం దబ్బపండు తొక్క లాంటి వాసన ఇస్తుంది. 1980లో కాలిఫోర్నియాలో సియెరా నెవాడా బ్రూవరీ దాన్ని ధారాళంగా వాడి చేసిన పేల్ ఏల్ తర్వాతి వాళ్ళందరికీ నమూనా అయింది. ఈ రకం బీరులో ఆల్కహాల్ నాలుగున్నర నుంచి ఆరు శాతం దాకా, చేదు 30 నుంచి 50 యూనిట్ల దాకా ఉంటుంది.

ఈ తీగను ఇక్కడే పెంచితే పోలేదా అంటే కుదరదు. హాప్స్ మామూలుగా దండిగా పూసేది వేసవిలో 15-16 గంటల పగటి వెలుతురు, చలికాలంలో గట్టి చలి ఉండే చోట్లే. శ్రీకాకుళం 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. జూన్‌లో అతి పెద్ద పగలు కూడా 13 గంటల పైచిలుకే. మన దేశంలో హాప్స్ పండించిన చోట్లలో ఒకటి హిమాచల్‌లోని లాహౌల్ లోయ. కనుక సరుకు బయటి నుంచే రావాలి. దారిలో దానికి చల్లదనం కావాలి. గాలి తీసిన ప్యాకెట్టే అయినా మే నెలలో కొరియర్ వ్యానులో మూడు రోజులు తిరిగితే లోపలి తైలాలు ముసలివవుతాయి. పాత హాప్స్‌కు జున్ను వాసన వస్తుంది. మనకు తెలిసిన గడ్డజున్ను కాదు, చెమట పట్టిన మేజోడు లాంటి విదేశీ జున్ను.

బ్రిటిష్‌వాళ్ళు కొండెక్కింది ఇందుకే

"ఇండియా పేల్ ఏల్" అనే పేరు చూసి ఈ బీరు ఇక్కడ పుట్టిందనుకుంటారు. ఇక్కడికి వచ్చింది, అంతే. 18వ శతాబ్దం చివర్లో లండన్ రేవుల దగ్గరి బో బ్రూవరీ నుంచి హాడ్జ్‌సన్ పీపాలు ఈస్టిండియా కంపెనీ ఓడలెక్కేవి. గుడ్ హోప్ అగ్రం చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి ఊగుతూ మద్రాసు, కలకత్తా చేరేవి. 1820ల్లో బర్టన్ నుంచి ఆల్సప్ పోటీకి దిగాడు. ఇండియా కోసమే హాప్స్ ఎక్కువ వేసి కొత్త బీరు కనిపెట్టారన్న కథ ప్రచారంలో ఉంది గానీ, హాప్స్ దండిగా వేసి నిల్వ ఉంచే బీరు ఇంగ్లండ్‌లో అంతకుముందే ఉంది. దాన్నే ఓడెక్కించారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. అన్ని నెలల ప్రయాణంలో హాప్స్ తాజా వాసన ఎప్పుడో పోయేది. అప్పటివాళ్ళు మెచ్చుకున్నది పాతబడిన బీరునే. హాప్స్ చేదు బ్యాక్టీరియాను అడ్డుకుంటుంది కాబట్టి అది పులిసి పాడవకుండా చేరేది, అదే గొప్ప. ఇప్పటి పేల్ ఏల్ కోరుకునేది సరిగ్గా దీనికి తలకిందులు: నిన్ననే కోసిన పండు లాంటి వాసన.

పీపాలు మోయించుకునే బదులు ఇక్కడే కాచుకుందామని అనుకున్నప్పుడు వాళ్ళు ఎంచుకున్న చోటు చూస్తే విషయం అర్థమవుతుంది. 1850ల్లో ఎడ్వర్డ్ డయ్యర్ బ్రూవరీ పెట్టింది హిమాలయ పాదాల్లోని కసౌలీలో. మైదానంలో గిరాకీ లేక కాదు, విజయనగరం లాంటి కంటోన్మెంట్ ఊళ్ళు దేశం నిండా ఉన్నాయి. మైదానంలో ఈస్ట్‌ను చల్లగా ఉంచే దారి లేదు. యంత్రంతో చల్లబరచడం బ్రూవరీలకు అందింది 1870ల తర్వాతే.

వేడి ఏం చేస్తుందంటే

అమెరికన్ పేల్ ఏల్‌కు వాడే మామూలు ఈస్ట్ 18 నుంచి 22 డిగ్రీల మధ్య శుభ్రంగా పనిచేస్తుంది. శ్రీకాకుళం తీరాన మే నెలలో పగలు 34 దాటుతుంది, రాత్రి 27కు దిగడమే కష్టం. పైగా ఈస్ట్ పని చేస్తున్నప్పుడు తానూ వేడి పుట్టిస్తుంది. జోరుగా పులిసే మొదటి రెండు రోజులు డబ్బాలోని వర్ట్ గది కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. గది 30 ఉంటే లోపల 34.

ఆ వేడికి ఈస్ట్ ఆగదు, ఇంకా ఉరుకుతుంది. వారం పట్టే పని రెండు రోజుల్లో ముగుస్తుంది. కొత్తవాళ్ళు ఇది చూసి సంబరపడతారు. కానీ ఆ ఉరుకులో ఫ్యూసెల్ ఆల్కహాళ్ళు పుడతాయి, గొంతులో మంట అవే. అరటిపండు వాసనిచ్చే ఎస్టర్లు, శ్రుతిమించితే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసనిచ్చే ఇథైల్ అసిటేట్ కూడా పుడతాయి. ఇవన్నీ చేరాక పైన ఎన్ని గ్రాముల హాప్స్ వేసినా దబ్బపండు వాసన ముందుకు రాదు. డబ్బు పోసి కొన్నది వినిపించకుండా పోతుంది, డప్పుల మధ్య పిల్లనగ్రోవిలా.

విదేశీ వీడియోల్లో చవక చిట్కా ఒకటి కనిపిస్తుంది: డబ్బాను నీళ్ళ తొట్టిలో పెట్టి, తడి బట్ట చుట్టి, ఫ్యాను పెట్టమంటారు. సూత్రం మన మంచినీళ్ళ కుండదే. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది. కానీ వేసవిలో కుండనీళ్ళు అనంతపురంలో చల్లబడినట్టు కళింగపట్నంలో చల్లబడవు. 34 డిగ్రీల వేడిలో గాలి తేమ 30 శాతం ఉంటే తడి బట్ట సుమారు 21 డిగ్రీల దాకా దిగగలదు. అదే 34లో తేమ 70 శాతం ఉంటే 29 దగ్గర ఆగిపోతుంది. బట్ట తప్పు కాదు, అప్పటికే నీటితో నిండిన గాలి ఇంకా తాగలేదు. ఉక్కపోత అనే మాటలో ఉన్న భౌతికశాస్త్రం ఇదే. చెమట ఆరనట్టే ఆ బట్టా ఆరదు.

మరిగిన వర్ట్‌ను త్వరగా చల్లార్చడంలోనూ ఇదే చిక్కు. రాగి గొట్టంలో కొళాయి నీళ్ళు తిప్పి చల్లబరుస్తారు. ట్యాంకు నీళ్ళే 30 డిగ్రీలుంటే వర్ట్ అంతకంటే కిందికి దిగదు. ఐసు కావాలి. చేపల రేవులున్న జిల్లాలో ఐసు దిమ్మకు లోటు లేదు గానీ, దాన్ని గొట్టం చుట్టూ వాడాలే తప్ప వర్ట్‌లో వేయకూడదు. చేపల ఐసు తాగునీటితో చేస్తారన్న హామీ లేదు.

మిగిలినవి మూడు దారులు. మొదటిది పాత ఫ్రిజ్‌కు థర్మోస్టాట్ తగిలించడం. నమ్మకమైనది ఇదే, కానీ కరెంటు ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి చీకటే. అక్టోబరు, నవంబరు నెలలు ఇక్కడ ఫ్రిజ్‌ను నమ్ముకునే కాలం కాదు. రెండోది ఋతువును నమ్ముకోవడం. భోగి మంటల రోజుల్లో తెల్లవారుజామున 17-18 డిగ్రీలకు దిగుతుంది, పగలు 28. లోపలి గదిలో ఉన్న 20 లీటర్ల ద్రవం ఆ రెంటి సగటు దగ్గర నిలబడుతుంది. మంచిది కాదు, పర్వాలేదు.

మూడో దారి ఆసక్తికరమైనది. నార్వే పల్లెల్లో తరతరాలుగా ఇళ్ళల్లో దాచుకుంటూ వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ 30 నుంచి 40 డిగ్రీల మధ్య కూడా మంట పుట్టించకుండా పులియబెడుతుంది. వాటిలో వాస్ అనే రకం నారింజ వాసన ఇస్తుంది, అది హాప్స్‌తో పొసుగుతుంది. చలిదేశపు ఈస్ట్‌కు ఈ వేడి ఎలా అలవాటైందంటే, అక్కడి రైతులు వర్ట్ గోరువెచ్చగా ఉండగానే ఈస్ట్ కలిపేవారు. తరాల తరబడి ఆ వేడికి తట్టుకున్నదే మిగిలింది. ఉష్ణ దేశాల్లో ఇంటి బీరు చేసేవాళ్ళకు గత పదేళ్ళలో అందిన పెద్ద ఊరట ఇది.

పులిశాక మొదలయ్యే రెండో కష్టం

క్వైక్‌తో పులవడం దాటినా, తర్వాతి కష్టానికి అది మందు కాదు. హాప్స్ వాసనకు ఆక్సిజన్ పగ. డ్రై హాపింగ్ అయ్యాక బీరును ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి చప్పుడు చేస్తూ పోస్తే చాలు, కొన్ని వారాల్లోనే బంగారు రంగు మట్టిరంగుకు తిరుగుతుంది. నారింజ పోయి తడిసిన అట్టపెట్టె వాసన మిగులుతుంది. రసాయన చర్య వేగం వేడితో పెరుగుతుంది కాబట్టి, ఫ్రిజ్‌లో రెండు నెలలు నిలిచే సీసా అటక మీద రెండు వారాలకే ముసలిదవుతుంది. ఇంటి బీరు చేసేవాళ్ళు హాప్స్ రకాల మీద పెట్టే శ్రద్ధలో సగం గాలి చొరకుండా చూడటం మీద పెడితే ఎక్కువ లాభం. ఈ మాట వినసొంపుగా ఉండదు, అందుకే వీడియోల్లో తక్కువ వినిపిస్తుంది.

ఇంకో ప్రమాదం సీసా పగలడం. గ్యాసు కోసం లీటరుకు ఆరేడు గ్రాముల చక్కెర వేసి మూత బిగిస్తారు. మిగిలిన ఈస్ట్ దాన్ని తిని బీరును నురగలెత్తిస్తుంది. అయితే హాప్స్‌లోనూ కొన్ని ఎంజైములుంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను అవి ముక్కలు చేసి మళ్ళీ తినే తిండిగా మారుస్తాయి. దీన్ని 1893లోనే బ్రౌన్, మోరిస్ అనే ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్తలు గుర్తించారు. లెక్కలో లేని చక్కెర, దానికి తోడు 34 డిగ్రీల గది. ఒత్తిడి గోలీసోడా సీసాను దాటిపోతుంది. గోలీసోడా సీసా మందపాటి గాజు. వాడిపారేసిన మామూలు సీసా అలాంటిది కాదు.

కల్లు ఈ చిక్కును ఎలా దాటింది

వేడి ఇంత చెడ్డదైతే ఇదే జిల్లాల్లో తాటికల్లు, ఈతకల్లు, ఏజెన్సీలో జీలుగు కల్లు ఎలా నిలిచాయన్న అనుమానం రావడం సహజం. నిలవలేదు, నిలపాలని ఎవరూ చూడలేదు. చెట్టు నుంచి కారే నీరు నూటికి పదికి పైగా చక్కెరతో లొట్టిలో పడుతూనే గాలిలోని, లొట్టిలోని ఈస్ట్‌తో పులవడం మొదలవుతుంది. లొట్టికి సున్నం రాస్తే పులుపు ఆగి నీరా అవుతుంది. రాయకపోతే పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి పుల్లబడుతుంది. ఆల్కహాల్ నాలుగైదు శాతం, దాదాపు పేల్ ఏల్ అంతే. ఈస్ట్‌తో పాటు లాక్టిక్ బ్యాక్టీరియా కూడా పనిచేస్తుంది కాబట్టి పులుపు దాని రుచిలో భాగం, లోపం కాదు. తరవాణిలో పులుపును ఎవరూ తప్పు పట్టనట్టే.

కాబట్టి రెండు పానీయాలనూ ఒకే వేడిలో పోల్చి ఒకటి సులువు, ఒకటి కష్టం అనడం కుదరదు. కల్లు గడువు ఒక పూట. పేల్ ఏల్ గడువు, చల్లగా ఉంచితే, రెండు మూడు నెలలు. ఆ గడువు కొనుక్కోవడానికి మరిగించడం, శుభ్రం చేయడం, ఎంచిన ఈస్ట్, ఫ్రిజ్, గాలి చొరని మూత అన్నీ కావాలి. గీత కార్మికుడికి వీటిలో ఏదీ అక్కర్లేదు, సాయంత్రంలోపు లొట్టి ఖాళీ అయితే చాలు.

మద్యం లేకుండా ఇదంతా చూడాలంటే

హాప్స్ ప్రవర్తన తెలుసుకోవడానికి బీరు చేయనక్కర్లేదు. అమెరికాలో హాప్ వాటర్ పేరుతో అమ్మేదాంట్లో ఆల్కహాల్ ఉండదు: నీళ్ళు, కాస్త నిమ్మరసం, హాప్స్, గ్యాసు. చక్కెర లేదు, ఈస్ట్ లేదు, పులిసేదేమీ లేదు. లీటరు నీటిని కాచి 75 డిగ్రీలకు చల్లార్చి, నిమ్మరసం పిండి, రెండు గ్రాముల క్యాస్కేడ్ పావుగంట ఉంచి వడకడితే చేదు పెద్దగా ఎక్కకుండా వాసన దిగుతుంది. దాన్ని రెండు సీసాల్లో పోసి ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి మే నెల అటక మీద పెట్టి, వారం తర్వాత రెంటి మూతలూ ఒకేసారి తీయాలి. అటక మీది సీసాను తాగకూడదు, వాసన చూస్తే చాలు. ఫ్రిజ్ సీసాలో దబ్బతొక్క ఇంకా ఉంటుంది. రెండో దానిలో ఎండుగడ్డి.